పుట్టిన గడ్డ కోటా

ప్రతి నెలా ఏదో ఒక రాత్రి, భోజనాలయ్యాక హన్మకొండలో మా మేడ మీద కూచొని ఫోన్‌లో ఒక పేజీ తెరుస్తాను. అమెరికా విదేశాంగ శాఖ నెలకోసారి ప్రకటించే వీసా బులెటిన్ అది. అందులో ఒక చిన్న పట్టిక. పైన దేశాల పేర్లు, పక్కన కేటగిరీలు. 'ఇండియా' కింద, 'ఈబీ-2' ఎదురుగా ఉన్న గడిలో ఒక తేదీ ఉంటుంది. 2025 అక్టోబర్ బులెటిన్‌లో అది 2013 ఏప్రిల్ 1. నా తేదీ 2014 జూలైలో ఉంది. నేను అమెరికా వదిలి వచ్చి నాలుగేళ్ళు దాటింది. అయినా చూస్తూనే ఉంటాను. ఎప్పుడో ఊరొదిలిన మనిషి, పాలివాళ్ళతో ఉన్న భూమి కేసు ఏ వాయిదాకి వచ్చిందో కనుక్కుంటున్నట్టు.

మా వీధి చివర ఒక డాక్టరు గారున్నారు. మా బాపుకి దోస్తు, నేను పెద్దబాపు అంటాను. కాకతీయ మెడికల్ కాలేజీ తొలి రోజుల విద్యార్థి. 1971లో అమెరికా వెళ్ళి, నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేసి, పెద్దమ్మ పోయాక ఇక్కడికొచ్చి ఉంటున్నాడు. కనపడినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"నీ నంబరు ఇంకా రాలేదా బిడ్డా?"

"లేదు పెద్దబాపూ, ఇంకో ఏడాది పైన ఉంది."

"ఏడాదంటే ఏడాదేనా?"

"కాదు. బులెటిన్ల ఏడాది ముందుకు జరగాలంటే మనకు రెండేళ్ళయినా పట్టొచ్చు, అయిదేళ్ళయినా పట్టొచ్చు. వెనక్కి కూడా పోవచ్చు."

"మేం పొయ్యినప్పుడు గిట్ల లేకుండె. ఏడాది తిరగకముందే వీసా వచ్చింది. న్యూయార్క్‌ల దిగంగనే కాయితాలు చూసి స్టాంపేసిండ్రు. కార్డు పోస్ట్‌ల ఇంటికే వచ్చింది."

మొదట్లో ఈ మాట వింటే కొంచెం ఉక్రోషంగా ఉండేది. తర్వాత కుతూహలం పుట్టింది. ఒకే ఊరు, ఒకే దేశానికి ప్రయాణం, ఇద్దరమూ చదువు చూపించే వెళ్ళాం. 1971కీ 2014కీ మధ్య ఏం జరిగింది? సులువుగా దొరికే జవాబులు మూడున్నాయి. అమెరికా వాళ్ళ మనసు మారింది అంటారు. మనవాళ్ళు మరీ ఎక్కువైపోయారు అంటారు. దొంగ కన్సల్టెన్సీలు పేరు చెడగొట్టాయి అంటారు. మూడింటిలోనూ కొంత నిజముంది. కానీ పాత చట్టాలు వరసగా చదువుకుంటూ పోతే నాకు తోచింది వేరు. పెద్దబాపుకి తలుపు తీసిందీ, నాకు అడ్డం నిలబడిందీ ఒకటే నిబంధన. ఒక కాలంలో అది న్యాయం. మనుషులు మారకుండా లెక్క మారింది.

*

1965కి ముందు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ క్యూ లేదు, గోడే ఉంది. 1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది, మన దేశం అందులో పడింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు చట్టం దృష్టిలో 'తెల్లవాళ్ళు' కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1924 చట్టం పౌరులు కాలేనివాళ్ళు స్థిరపడటానికి రావడాన్నే ఆపేసింది. విద్యార్థిగా రావచ్చు, చదువుకోవచ్చు, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరాడు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివినవాడు. సిరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల నుంచి ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్, క్యాన్సర్ మీద వాడిన తొలి మందులు వచ్చాయి. ఇప్పుడు ఈబీ-1 అనే కేటగిరీలో 'అసాధారణ ప్రతిభ' అని ఒక పెట్టె ఉంది. దాంట్లో టిక్కు పెట్టడానికి పదో పదిహేనో సర్టిఫికెట్లు కుట్టి పంపుతారు. అంతకన్నా అసాధారణమైన తెలుగువాడు ఆ దేశానికి పోయాడా అంటే నాకు అనుమానమే. ఆయన పాతికేళ్ళు అక్కడ బతికి, 1948 ఆగస్టులో పరాయివాడిగానే పోయాడు. పౌరసత్వం తీసుకోలేదు. చివరి రెండేళ్ళలో మాత్రమే ఆ అవకాశం చట్టంలోకి వచ్చింది.

ఆ అవకాశం ఇచ్చింది 1946 లూస్-సెల్లర్ చట్టం. భారతీయులు పౌరులు కావచ్చంది, ఏటా కోటా కూడా ఇచ్చింది: వంద. నలభై కోట్లకు దగ్గరలో ఉన్న దేశానికి వంద మంది. అదే సమయంలో బ్రిటన్ కోటా అరవై అయిదు వేల పైచిలుకు. 1952 చట్టం నైపుణ్యం ఉన్నవాళ్ళకి తొలి ప్రాధాన్యం అనే పద్ధతి తెచ్చినా, మన వంద వందగానే ఉంది. వందలో సగం, అంటే యాభై మంది నిపుణులు. మొత్తం భారతదేశానికి.

ఈ 65,000 – 100 అనే రెండు అంకెల్ని గుర్తుపెట్టుకోండి. ఇవి లేకుండా 1965 అర్థం కాదు.

*

1965 అక్టోబర్ 3న న్యూయార్క్ రేవులో, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కూర్చుని లిండన్ జాన్సన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. హార్ట్-సెల్లర్ చట్టం. జాతుల్ని బట్టి వేసిన పాత కోటాలన్నీ కొట్టేసింది. తూర్పు అర్ధగోళానికి మొత్తం 1,70,000. అందులో ఏ దేశానికీ 20,000 మించకూడదు. బ్రిటన్‌కీ 20,000, ఇటలీకీ 20,000, ఇండియాకీ 20,000. పౌర హక్కుల ఉద్యమం నడుస్తున్న కాలం అది. దేశానికొక సమాన పరిమితి అనేది ఆ రోజు అచ్చమైన సమానత్వ నినాదం. వంద నుంచి ఇరవై వేలకి! మనకి దాన్ని మించిన న్యాయం ఏముంటుంది?

సంతకం చేసేటప్పుడు జాన్సన్ ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదు అన్న ధోరణిలోనే మాట్లాడాడు. బిల్లును నెగ్గించినవాళ్ళు కూడా దీనివల్ల దేశ జనాభా రూపురేఖలు మారవని హామీలిచ్చారు. ఎక్కువ వీసాలు కుటుంబ బంధాల మీద ఇస్తారు కదా, ఇప్పటికే ఉన్నవాళ్ళ చుట్టాలు, అంటే యూరప్ వాళ్ళే వస్తారు అనుకున్నారు. అమెరికాలో చుట్టాలే లేని వరంగల్ లాంటి ఊళ్ళ నుంచి ఎవరో ఒక పక్క తలుపు గుండా వస్తారని వాళ్ళ ఊహకి అందలేదు. ఆ పక్క తలుపు పేరు 'థర్డ్ ప్రిఫరెన్స్'. వృత్తి నిపుణులకి పది శాతం. వైద్యుల కొరత ఉంది కాబట్టి డాక్టర్లని కొరత వృత్తుల జాబితాలో పెట్టారు. ఒక్కొక్కరికీ ఉద్యోగ ప్రకటన వేసి, స్థానికులు దొరకలేదని నిరూపించే తతంగం వాళ్ళకి అక్కర్లేదు. యజమాని లేకుండా తమ తరఫున తామే అర్జీ పెట్టుకోవచ్చు కూడా.

ఇక్కడ మన వైపు ఏం జరుగుతోందో చూడండి. 1959లో వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ పెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో నెహ్రూ వచ్చి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేశాడు. దేశంలో ఆ వరసలో మొదటిది అదే. రెండు కాలేజీల తొలి బ్యాచ్‌లు బయటికొచ్చే కాలానికి అవతల తలుపు తెరిచారు. ఎవరూ కూడబలుక్కోలేదు. నెహ్రూ ఆనకట్టలకీ ఫ్యాక్టరీలకీ ఇంజనీర్లను తయారుచేస్తున్నానని అనుకున్నాడు, జాన్సన్ ఇటాలియన్లకీ గ్రీకులకీ న్యాయం చేస్తున్నానని అనుకున్నాడు. ఇద్దరి లెక్కలోనూ లేనివాడు మా పెద్దబాపు. ఎంజీఎం ఆస్పత్రిలో హౌస్ సర్జన్సీ చేసి, హైదరాబాద్ నుంచి బొంబాయి రైలెక్కాడు.

ఆ డాక్టర్ల తలుపు ఎక్కువ కాలం తెరిచి లేదు. 1976లో వైద్య విద్య మీద వచ్చిన ఒక చట్టం, ఇక మనకి విదేశీ డాక్టర్ల కొరత లేదు అని ప్రకటించి, పరీక్షలు బిగించింది. పెద్దబాపు తర్వాత అయిదారేళ్ళకి వెళ్ళినవాళ్ళ కథే వేరు. ఒక చట్టం నుంచి ఇంకో చట్టానికి మధ్యలో ఎప్పుడు డిగ్రీ చేతికొచ్చింది అన్నదాన్ని బట్టి జీవితాలు నిర్ణయమవడం మనకి కొత్తేమీ కాదు.

*

1990 నవంబర్‌లో పెద్ద బుష్ సంతకం పెట్టిన చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. ఉద్యోగం ద్వారా ఇచ్చే శాశ్వత నివాస వీసాల్ని ఏడాదికి 54,000 నుంచి 1,40,000కి పెంచింది. ఈబీ-1 నుంచి ఈబీ-5 దాకా అయిదు గదులు కట్టింది. 1965 నాటి ఇరవై వేల పరిమితిని తీసి, దాని స్థానంలో ఏ దేశానికైనా ఏడు శాతం అని పెట్టింది. అంకె మారింది గానీ ఆత్మ అదే: దేశాలన్నీ సమానం. అదే చట్టం హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసాకి రూపమిచ్చింది. ఏడాదికి 65,000. దీనికి మాత్రం దేశం పరిమితి లేదు.

ఇక్కడ ఆగాలి. మొత్తం కథ ఈ ఒక్క చోటే ఉంది.

మా జిల్లా వాళ్ళకి చెరువు భాషలో చెబితే తొందరగా ఎక్కుతుంది. చెరువులోకి నీళ్ళొచ్చే వాగు ఒకటి, నీళ్ళు బయటికి పోయే తూము ఒకటి. వాగు వెడల్పు ఎంతుండాలో చెప్పే నిబంధన ఒకరు రాశారు, తూము ఎంతుండాలో ఇంకొకరు రాశారు. వాగు, అంటే హెచ్-1బీ, ఏ దేశం నుంచి ఎన్ని నీళ్ళొచ్చినా రానిస్తుంది. ఇప్పుడు ఏటా ఆమోదం పొందే హెచ్-1బీల్లో డెబ్భై శాతానికి పైగా మన దేశంలో పుట్టినవాళ్ళవే. తూము, అంటే గ్రీన్ కార్డు, ఏడు శాతం దగ్గర ఆగిపోతుంది. లెక్క వేసి చూడండి. 1,40,000లో ఈబీ-2 వాటా సుమారు 40,000. అందులో ఏడు శాతం దాదాపు 2,800. ఆ 2,800లో భార్యాభర్తలూ పిల్లలూ కూడా కలిసి ఉంటారు. మొత్తం మీద సగానికి పైగా వీసాలు కుటుంబసభ్యులకే పోతాయి. అంటే ఏడాదికి ఒక వెయ్యిన్నర మంది ఇంజనీర్లు కూడా కాదు. ఒక్క అమీర్‌పేట నుంచే అంతకన్నా ఎక్కువ మంది వెళ్ళి ఉంటారు.

మరి మధ్యలో కొన్నేళ్ళు తేదీలు గబగబా ఎలా నడిచాయి? కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితే మత్తడి పోసి కింది చెరువులోకి వస్తుంది కదా, అలాగే ఒక గదిలో మిగిలిన వీసాలు పక్క గదిలోకి పొర్లుతాయి. మన వాటాకి మించి మనకి ఎప్పుడు ఎన్ని వచ్చినా అవి మత్తడి నీళ్ళే. 2000లో క్లింటన్ కాలంలో వచ్చిన చట్టం ఇలాంటి మిగులు వీసాలు దేశ పరిమితిని దాటి పోవచ్చంది, అంతకుముందు రెండేళ్ళలో వాడని లక్షకు పైగా వీసాల్ని మళ్ళీ వాడుకోనిచ్చింది. హెచ్-1బీ ఆరేళ్ళు దాటాక కూడా పొడిగించుకోవచ్చంది. హెచ్-1బీ సంఖ్యనేమో మూడేళ్ళపాటు 1,95,000కి పెంచింది. వై2కే వెళ్ళిన తరం ఆ మత్తడి నీళ్ళలో ఒడ్డున పడింది. 2005 నాటికి ఆ పాత నిల్వ అయిపోయింది. తూము తూములాగే ఉంది. ఆరేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళిపోవాలన్న నియమం సడలింది కాబట్టి ఎవరూ వెళ్ళలేదు, అందరూ చెరువులోనే ఉన్నారు. నిరీక్షణని భరించదగినదిగా చేసిన చట్టమే నిరీక్షణని అంతులేనిదిగా కూడా చేసిందని నా అభిప్రాయం. దాన్ని తప్పుపట్టలేను. నేనూ దానివల్లే అక్కడ అన్నేళ్ళున్నాను.

*

2007 వేసవిలో మా పెద్దమ్మ కొడుకు పెళ్ళి కుదిరింది. అన్న న్యూజెర్సీలో ఉండేవాడు. ఈబీ-3, ప్రయారిటీ డేట్ 2004 నవంబర్. ఆ లేబర్ సర్టిఫికేషన్ పాత పద్ధతిలో వేసింది. 2005 మార్చిలో పెర్మ్ అనే కొత్త పద్ధతి వచ్చాక, పాత కాగితాలన్నీ డల్లాస్‌లో, ఫిలడెల్ఫియాలో పెట్టిన రెండు కేంద్రాలకి తరలించారు. మూడున్నర లక్షలకు పైగా కేసులు. కొత్తగా పెర్మ్‌లో వేసినవాళ్ళకి నెలల్లో ఆమోదం వస్తుంటే, పాతవాళ్ళు అట్టపెట్టెల్లో ఉండిపోయారు. ముందొచ్చినవాడు వెనకబడటం అప్పటికే అలవాటవుతోంది.

ఆ జూన్‌లో వచ్చిన జూలై బులెటిన్ చూసి అన్న ఫోన్ చేశాడు. దాదాపు అన్ని ఉద్యోగ గడుల్లోనూ 'సి' అని ఉంది. కరెంట్ అని అర్థం. అంటే ఎవరైనా చివరి దశ దరఖాస్తు, ఐ-485, వేసేయొచ్చు. అది వేస్తే కార్డు వెంటనే రాకపోయినా, ఉద్యోగం మారే స్వేచ్ఛా, భార్యకి పని చేసుకునే అనుమతీ వస్తాయి. కాజీపేటలో రైలెక్కే మనకి చెప్పాలంటే, ఐ-140 ఆమోదం వెయిటింగ్ లిస్ట్ టికెట్టు, ఐ-485 వేయడం ఆర్ఏసీ. పడుకోలేవు గానీ బోగీలోకి ఎక్కనిస్తారు.

జూలై 2న, దరఖాస్తులు తీసుకోవాల్సిన మొదటి పనిదినాన, విదేశాంగ శాఖ ఆ బులెటిన్‌ని వెనక్కి తీసుకుంది. వీసాలన్నీ అయిపోయాయి, ఏమీ తీసుకోమంది. అప్పటికే వేలమంది లాయర్లకి డబ్బులు కట్టి, వైద్య పరీక్షలు చేయించుకుని, కొందరు ఊళ్ళ నుంచి భార్యల్ని రప్పించుకుని ఉన్నారు. అప్పుడు వాళ్ళు చేసిన పని నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ముందటేడు 'లగే రహో మున్నాభాయ్' సినిమా వచ్చింది. అందులోని గాంధీగిరి అందరి నోళ్ళలోనూ నానుతోంది. జూలై 10న ఇమ్మిగ్రేషన్ శాఖ అధిపతి ఎమిలియో గొంజాలెజ్ ఆఫీసుకి వందల పూలగుత్తులు వెళ్ళాయి. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో ఉన్న గాయపడిన సైనికులకి పంపించేశాడు. ఆ వారాంతంలో శాన్ హోసేలో ఊరేగింపు జరిగింది. లాయర్లు కోర్టుకెక్కారు. జూలై 17న ప్రభుత్వం దిగొచ్చింది. ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామంది. దాదాపు మూడు లక్షలొచ్చాయి.

మా ఇంట్లో ఆ నెల రోజులూ పంచాంగానికీ వీసా బులెటిన్‌కీ యుద్ధం. ఆ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది, దాంతో అన్నీ వెనక్కి జరిగాయి. సర్కారు దిగొచ్చే సమయానికి ఆషాఢం పెట్టేసింది. ఆగస్టు 17లోపల పెళ్ళి కావాలి, రిజిస్టర్ కావాలి, వదినకి వీసా స్టాంపింగ్ కావాలి, విమానమెక్కాలి. "ఆషాఢంల పెండ్లి చేస్తె నలుగురు ఏమంటరు?" అని పెద్దమ్మ. "నలుగురు నాకు ఈఏడీ ఇస్తరా?" అని ఫోన్‌లో అన్న. ఆర్యసమాజ్ అన్న మాట కూడా వచ్చింది. చివరికి స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంటే దొరకదని తేలింది, పెద్దమ్మ గెలిచింది. అన్న ఒక్కడే దరఖాస్తు వేసుకుని, శ్రావణంలో వచ్చి పెళ్ళి చేసుకున్నాడు.

వదిన మా కాలేజీలోనే నాకన్నా నాలుగేళ్ళు సీనియర్. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి, హైదరాబాద్‌లో చేస్తోంది. ఆగస్టు 17కి కొన్ని వారాలు వెనకబడినందుకు హెచ్-4 మీద వెళ్ళింది. హెచ్-4 వాళ్ళు పని చేయకూడదు. 2015 మేలో, ఐ-140 ఆమోదం ఉన్నవాళ్ళ భార్యలకి పని అనుమతి వచ్చేదాకా, దాదాపు ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉంది. ఈబీ-3లో 2004 నవంబర్ తేదీ కరెంట్ అయింది 2016లో. అప్పటికి ఆమె నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళూ లేరు, కొనేవాళ్ళూ లేరు. ఇప్పుడు ఒక స్కూలు జిల్లాలో లెక్కలు చెబుతోంది. సంతోషంగానే ఉంది, అడిగితే అదే చెబుతుంది. నేను రెండోసారి అడగను.

*

ఏ దారిన పోతే ఎంత కాలం అని ఇంజనీరింగ్ పిల్లలు నన్ను అడుగుతుంటారు. హన్మకొండ చౌరస్తా చుట్టూ ఉన్న కన్సల్టెన్సీల బోర్డులు చెప్పని సంగతులు కొన్ని చెబుతాను.

ఈబీ-2, ఈబీ-3 దారిలో మొదటి మెట్టు జీతం నిర్ణయం, ఆ తర్వాత పెర్మ్. రెండు వేర్వేరు ఆదివారాల పేపర్లలో ఉద్యోగ ప్రకటన వేయాలి. మనుషులంతా ఫోన్లలో ఉద్యోగాలు వెతుక్కునే కాలంలో, ఎవరూ చూడకూడదని కోరుకుంటూ వేసే ప్రకటనలవి. ఈ రెండు మెట్లకే చాలా కాలం పోతోంది. ఐ-140కి మాత్రం డబ్బు కడితే వారాల్లో తేలుస్తారు, తత్కాల్ టికెట్టు లాగా. ఇదంతా దాటాక అసలు నిరీక్షణ మొదలు. బ్రెజిల్‌లోనో నైజీరియాలోనో పుట్టినవాడికి 2025 అక్టోబర్‌లో ఈబీ-2 తేదీ 2023 డిసెంబర్ 1. మనకి 2013 ఏప్రిల్ 1. పక్క పక్క కుర్చీల్లో అదే పని చేసేవాళ్ళ మధ్య పదేళ్ళ పైచిలుకు తేడా. ఈబీ-1లో మనకి 2022 ఫిబ్రవరి. అందులో 'అసాధారణ ప్రతిభ' ఒక్కటే లేదు, బహుళజాతి కంపెనీ మేనేజర్ల గది కూడా ఉంది. హైదరాబాద్ ఆఫీసులో ఒక ఏడాది మేనేజరుగా చేసి బదిలీ మీద వచ్చినవాడు, తన కింద పదేళ్ళుగా కోడ్ రాస్తున్నవాణ్ణి దాటి వెళ్తాడు. ఈబీ-5 అయితే 2022 తర్వాత కనీసం ఎనిమిది లక్షల డాలర్లు.

ఇంకో తమాషా ఉంది. లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. కెనడా పౌరుడైపోయినా, వరంగల్‌లో పుట్టినవాడు ఇండియా వరుసలోనే నిలబడాలి. కానీ భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం వరుస వాడుకోవచ్చు. అందుకే అక్కడి తెలుగు పెళ్ళి సంబంధాల్లో "అమ్మాయి పుట్టింది మస్కట్‌లో" అన్నది ఒక మంచి వాక్యం. ఎనభైల్లో గల్ఫ్‌కి పోయిన తండ్రికి అది బతుకుతెరువు. ఆయన అక్కడ ఎన్నేళ్ళు చేసినా కఫాలా కింద కూలీగా ఉండి రావాల్సిందే, అక్కడ స్థిరపడే దారే లేదు. ఆయన కూతురు ఆస్పత్రిలో పుట్టిన ఆ ఒక్క రోజు, ముప్పై ఏళ్ళ తర్వాత అమెరికాలో పదేళ్ళ విలువ చేస్తుంది. కరీంనగర్, జగిత్యాల నుంచి వెళ్ళినవాళ్ళని తలుచుకుంటే, క్యూలో నిలబడగలగడం కూడా ఒక హోదానేమో అనిపిస్తుంది. నా గోడు చెప్పుకునేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

కెనడా వేరే లెక్క రాసుకుంది. 1967 నుంచే మార్కుల పద్ధతి: వయసుకిన్ని, చదువుకిన్ని, భాషకిన్ని. పుట్టిన దేశానికి పరిమితి లేదు. అక్కడా పేరుకుపోయింది. 2012లో వాళ్ళు చేసిన పరిష్కారం ఏమిటంటే, 2008 ఫిబ్రవరికి ముందు వేసిన నైపుణ్య దరఖాస్తుల్ని, దాదాపు 2,80,000 మందివి, ఫీజు వెనక్కిచ్చి రద్దు చేశారు. 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. అర్హత ఉన్నవాణ్ణి క్యూలో పెట్టుకోరు, ఎక్కువ మార్కులున్నవాణ్ణి పిలుస్తారు, పిలిచాక ఆరు నెలల్లో తేల్చాలన్నది లక్ష్యం. క్రూరమే, కాకపోతే రాదని ముందే తెలుస్తుంది. జర్మనీలో బ్లూ కార్డు ఉన్నవాడు బీ1 స్థాయి జర్మన్ నేర్చుకుంటే 21 నెలల్లో, ఏ1తో సరిపెట్టుకుంటే 27 నెలల్లో శాశ్వత అనుమతి అడగొచ్చు. మా క్లాస్‌మేట్ ఒకడు మ్యూనిక్‌లో అలాగే తీసుకున్నాడు. "నీకు పదేళ్ళు, నాకు క్రియాపదాలు" అంటాడు.

*

ఎంత కాలం పడుతుంది అన్న ప్రశ్నకి అమెరికాలోని కేటో సంస్థ పరిశోధకుడు డేవిడ్ బియర్ లెక్కలు వేశాడు. 2018లో ఈబీ-2 ఇండియాకి 151 ఏళ్ళన్నాడు. 2023లో, కొత్తగా చేరే భారతీయుడికి 134 ఏళ్ళని, క్యూలో ఉన్నవాళ్ళలో 4,24,000 మంది కార్డు రాకముందే పోతారని అన్నాడు. పత్రికలకి ఆ అంకె బాగా నచ్చింది. నా వృత్తిరీత్యా నాకు దాంతో చిన్న పేచీ ఉంది. ఈ క్యూలోంచి వెళ్ళిపోయినవాళ్ళని ఎవరూ తీసేయరు. నేను హన్మకొండలో ఉన్నాను, నా 2014 జూలై అక్కడే ఉంది. ఒకే మనిషి ఈబీ-2లోనూ ఈబీ-3లోనూ ఉంటాడు. చచ్చిన ఎంట్రీలు ఎన్నో తెలియకుండా క్యూ పొడవు చెప్పలేం. నా లాంటివాళ్ళు ఎంతమంది వెళ్ళిపోయారో తేదీ ముందుకి జరిగినప్పుడే బయటపడుతుంది. 134 అన్నది కాలం కాదు, రాదు అని చెప్పే ఒక మర్యాద అంకె.

దేశ పరిమితి తీసేయమని బిల్లులు రాకపోలేదు. 2011 నవంబర్‌లో ప్రతినిధుల సభ 389–15తో, 2019 జూలైలో 365–65తో ఆమోదించింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా ఒక రూపాన్ని ఏకగ్రీవంగా ఒప్పుకుంది. రెండు సభల పాఠాలూ కలవక ఆ సభాకాలంతోపాటే అది పోయింది. వ్యతిరేకించినవాళ్ళని మనవాళ్ళు ఊరికే తిట్టారు. ఒక ఇరాన్ ఇంజనీరు, ఒక ఫిలిప్పీన్స్ నర్సు చేసిన వాదన వినదగ్గదే: మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి తీసేస్తే, కొన్నేళ్ళపాటు వచ్చేవన్నీ ఇండియాకే పోతాయి, మీ నిరీక్షణ మాకు పంచుతారు. నిజమే. 1,40,000 అన్న అంకె 1990లోది. అప్పటికి వెబ్‌సైట్లు కూడా లేవు. దాన్ని ముట్టుకోకుండా ఎవరి వాటా ఎంతో కొట్టుకోమనడంలోనే అసలు కిటుకు ఉంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని జాతి ద్వేషంతో కాల్చి చంపారు. ఆయన గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. అంత్యక్రియలకి హైదరాబాద్ వచ్చిన ఆయన భార్య సునయన దుమాలకి, భర్తతోపాటే అక్కడ ఉండే హక్కు కూడా పోయిందని తెలిసింది. ఆమె హోదా ఆయన హోదాకి వేలాడుతోంది కదా. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే తాత్కాలికంగా వెనక్కి వెళ్ళగలిగింది. ఆ తర్వాత ఆయనే దేశ పరిమితి బిల్లుని భుజానికెత్తుకున్నాడు. 2018 ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆ వార్త చదివిన వారం మా ఆఫీసులో తెలుగువాళ్ళం ఎవరం దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి బ్యాంకు పాస్‌వర్డులూ, లాయరు నంబరూ రాసిచ్చాను.

మన డయాస్పోరా కథల్లో మంచు కురుస్తుంది, ఆవకాయ జాడీ పగులుతుంది, పిల్లలు తెలుగు మర్చిపోతారు, అమ్మానాన్నలు ఇండియాలో ఒంటరిగా ఉంటారు. నేను చదివినంతలో క్యూ చాలా తక్కువ. అమ్మ చనిపోతే ఎందుకు వెళ్ళలేకపోయాడు అంటే కథకుడు డబ్బు వ్యామోహం అని రాస్తాడు. వీసా స్టాంపింగ్ అని రాస్తే కథ చప్పబడుతుందని భయమేమో. కానీ చాలాసార్లు కారణం అదే.

నాకూ అంతే. 2020 అక్టోబర్‌లో, కన్సులేట్లు మూతపడి కుటుంబ కోటాలో మిగిలిన వీసాలు ఉద్యోగ కోటాలోకి పొర్లాయి. ఆ ఏడాది 1,40,000కి బదులు సుమారు 2,62,000. ఈబీ-3లో దరఖాస్తు తేదీ ఏకంగా 2015 జనవరి 1 దాకా వచ్చింది, ఈబీ-2ని దాటి. ఈబీ-2 వాళ్ళంతా ఈబీ-3కి దిగడానికి ఎగబడ్డారు. 2014 జూలై నాది. వేయొచ్చు. కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. మా కంపెనీ లాయర్లు కింది కేటగిరీకి దించడం తమ విధానం కాదన్నారు. ఒక ఈమెయిల్, నాలుగు లైన్లు. తర్వాతి ఏప్రిల్‌లో బాపుకి కోవిడ్ అంటే వచ్చాను. నా పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు దాటిపోయి ఉంది, కన్సులేట్‌లో తేదీలు లేవు. ఐ-485 పడి ఉంటే అడ్వాన్స్ పెరోల్ కాగితం చేతిలో ఉండేది, స్టాంపింగ్‌తో పని ఉండేది కాదు. కొన్ని నెలలు ఇక్కడి నుంచే పని చేయనిచ్చారు. తర్వాత చేయనివ్వలేదు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి, పనివాళ్ళు చాలక, సుమారు 66,000 ఉద్యోగ వీసాలు ఎవరికీ ఇవ్వకుండా వృథా అయ్యాయి.

బాపు బతికాడు. నేను ఇక్కడే మడికొండలో ఒక చిన్న కంపెనీకి పని చేస్తున్నాను. మా అమ్మాయి అమెరికా పౌరురాలు, నాలుగో తరగతి.

మొన్న పెద్దబాపు మళ్ళీ అడిగాడు.

"నంబరొస్తె పోతవా మరి?"

"నంబరొస్తే సరిపోదు పెద్దబాపూ. పాత కంపెనీని వేరేవాళ్ళు కొన్నరు. ఎవరైనా మళ్ళీ మొదటి నుంచి పెర్మ్ వేయాలి. తేదీ ఒక్కటే పాతది పనికొస్తది."

"అంటే పోతవా, పోవా?"

నేనేదో గొణిగాను. ఆయన జేబులోంచి ఒక నీలం రంగు పుస్తకం తీశాడు, ఓసీఐ. ఊరి దగ్గర ఎకరం చెలక కొందామంటే వ్యవసాయ భూమి కొనడానికి ఓసీఐ వాళ్ళకి వీల్లేదన్నారట. "కొత్త పాస్‌పోర్టు వచ్చింది. దీంట్ల ఏమన్న ఎక్కించాల్నా, అట్లనే ఉండనియ్యాల్నా, కంప్యూటర్ల చూడు బిడ్డా" అన్నాడు. తీసుకుని మేడ మీదికి వచ్చాను.